మా దుంగలను వంతెనగా రాసుకున్నవారికి

ముందుగా, జరిగిన అన్యాయాల పట్టిక. వాగు ఒడ్డున వంతెనకు కొబ్బరికాయ కొట్టిన మాఘం నుంచి ఏళ్ళు లెక్కపెట్టాను. తారీఖులు నా దస్త్రంలో విడిగా ఉన్నాయి. ఇక్కడ నెలలు చాలు. వాగు పొంగడం, తగ్గడం నెలల ప్రకారమే జరుగుతాయి.

మొదటి ఏడు, మాఘం: వంతెన పని మొదలైంది. ఒప్పందం నకలు ఊరికి ఒకటి ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు.

మొదటి ఏడు, వైశాఖం: పునాదిలో బండ తగిలిందని పని ఆపి వెళ్ళిపోయారు. స్తంభాలు ఛాతీ ఎత్తుకు వచ్చి ఆగాయి.

మొదటి ఏడు, కార్తీకం: మేము ఏటా వేసుకునే దుంగల దారిని, పని గుత్తకు తీసుకున్న ఠేకేదారు మున్షీ ఫోటో తీసుకున్నాడు. దేనికో చెప్పలేదు.

రెండో ఏడు, వైశాఖం: ఠేకేదారు తగాదా తేల్చే మధ్యవర్తి స్థల పరిశీలనకు వచ్చారు. ఎండిన వాగును చూసి వెళ్ళారు.

రెండో ఏడు, శ్రావణం: వాగు నిండి ఉన్నప్పుడు వచ్చి చూడమని అర్జీ పంపాను. జవాబు లేదు.

మూడో ఏడు, మాఘం: వంతెన పూర్తయిందని ఠేకేదారూ, పని ఇచ్చిన సర్కారు దఫ్తరూ రాజీ కాగితం మీద సంతకం చేశారు.

మూడో ఏడు, జ్యేష్ఠం: మా గట్టున శిలాఫలకం నాటారు.

మూడో ఏడు, భాద్రపదం: మా చెల్లెలు అవతలి గట్టున, మంచం మీద, వాగు దాటలేక చనిపోయింది.

ఈ పట్టికను ఇంతకు ముందే అర్జీగా పంపాను. అర్జీలో విషయానికి చోటుంటుంది గాని మనిషికి చోటుండదు. అందుచేత ఇప్పుడు ఆ మనిషిని కూడా చేర్చి రాస్తున్నాను.

మాది మద్దేడ్‌కు లోపలగా, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న ఊరు. ఊరి చివర వాగు. వాగుకు ఇవతల మేము, అవతల మా చెల్లెలి అత్తవారి ఊరు. ఆమె ఇంటికి మా పెరట్లోంచి చూపు ఆనుతుంది. ఎండాకాలంలో వాళ్ళ కోడి కూస్తే మా ఇంట్లో మెలకువ వచ్చేది. వానాకాలంలో మాత్రం ఆమె ఎలా ఉన్నదో ఇంటి మీద లేచే పొగను బట్టి తెలుసుకునేవాణ్ణి. పొద్దున పొగ లేచిందంటే ఆమె లేచిందని అర్థం. పెళ్ళయి ఆ ఊరు వెళ్ళినప్పటి నుంచి మా వానాకాలపు పలకరింపు ఇంతే.

నేను చదువుకున్నది తక్కువ. పని నేర్చుకున్నది ఇనుప కొండ మీద. గనుల జోరు మొదలైన రోజుల్లో అక్కడ ఒక ఠేకా కార్యాలయంలో గుమస్తాగా చేరి, జుట్టు నెరిసేదాకా ఉన్నాను. ఒప్పందాలను జత చేయడం, వచ్చిన ఉత్తరానికి వెళ్ళిన ఉత్తరాన్ని సరిపెట్టి కుట్టడం నా పని. అక్కడ నాకు ఒంటబట్టిన పాఠం ఒకటే: రాయనిది జరగనట్టే లెక్క. కొండ మీద లారీలు దాటే ప్రతి తూమునూ వానలకు ముందే ఎవరో ఒకరు వచ్చి తట్టి చూసేవారు. ఖనిజం దాటవలసిన చోట సగంలో ఆగిన కట్టడాన్ని నేను చూడలేదు. మనుషులు దాటవలసిన చోటికి తిరిగివచ్చాక చూశాను.

మా వాగు మీద వంతెనకు మంజూరైన నిధి ఆ ఖనిజం మీద వచ్చిందే. కొబ్బరికాయ కొట్టిన రోజు సర్పంచి ఆ మాటే చెప్పాడు, కొండ తవ్విన పుణ్యం మనకూ దక్కుతున్నదని. మా చెల్లెలు దుంగల దారి మీద నడిచి వచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నా పక్కన నిలబడింది.

"వంతెన అయినంక దినాం వస్త నీ ఇంటికి," అన్నది. "అప్పుడు ఎందుకు కట్టిచ్చిన్రా దేవుడా అని నువ్వే ఏడుస్తవు అన్నా."

నేను నవ్వలేదు. ఒప్పందం నకలు ఎవరిని అడగాలా అని చూస్తున్నాను. ఇంజినీరు సాబ్‌ను అడిగాను. దఫ్తర్‌కు రమ్మన్నాడు. వెళ్ళాను. అది ఠేకేదారుకూ దఫ్తర్‌కూ మధ్య కాగితమనీ, మీకెందుకనీ అన్నారు. ఆ మాటను ఆ రోజే రాసిపెట్టుకున్నాను. తరువాత జరిగినదంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నదని అప్పటికి నాకు తెలియదు.

చలి తగ్గేలోపు గుంతలు తవ్వారు. ఎండలు ముదిరేసరికి స్తంభాలు లేచాయి. అవతలి గట్టు వైపు గుంతలో పెద్ద బండ తగిలింది. అంచనాలో ఇసుక, గులకరాయి అని రాసి ఉందట. బండ పగలగొట్టడం అంచనాలో లేదు గనుక అదనపు పని కింద రాయాలన్నాడు ఠేకేదారు. ఒప్పుకునే ముందే స్థలం చూసుకోవలసిన బాధ్యత నీదేనన్నది దఫ్తర్. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఇలాంటి తగాదాలు కొండ మీద ఎన్నో చూశాను. అక్కడ తగాదా ఒక పక్క నడిచేది, పని ఒక పక్క నడిచేది. ఇక్కడ తగాదా మాత్రమే నడిచింది. ఠేకేదారు కాంక్రీటు కలిపే యంత్రాన్ని ట్రాక్టరుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. ఛాతీ ఎత్తు స్తంభాలు, వాటి నెత్తిన పొడుచుకుని ఉన్న ఇనుప చువ్వలు వాగులో మిగిలాయి.

ఇప్పుడు మా దుంగల దారి సంగతి చెప్పాలి. ఈ తగాదా మొత్తం దాని మీదే తిరిగింది.

వానలు వెళ్ళి వాగు నడుము లోతుకు దిగాక, కార్తీకంలో, రెండు గట్ల ఊళ్ళూ కలిసి వాగుకు అడ్డంగా తాటి దుంగలు వేసుకోవడం మా పెద్దల నాటి పద్ధతి. ఇంటికొక మనిషి రావాలి. రాలేనివాళ్ళు బియ్యం పంపాలి. దుంగలను పంగల గుంజల మీద ఆనించి, మీద వెదురు తడక పరిచి, పట్టుకోవడానికి ఒక పక్క బొంగులు కడతారు. పని అయ్యాక దాని మీద మొదట మగవాళ్ళు నడవకూడదు. ఇవతలి ఊళ్ళో పుట్టి అవతలి ఊరికి కోడలైన ఆడబిడ్డ ముందు నడవాలి. రెండు గట్లూ ఆమెవే గనుక. కొత్త వడ్లు దంచిన బియ్యం బుట్టలో పెట్టుకుని అత్తింటి గట్టు నుంచి పుట్టింటి గట్టుకు వస్తుంది. ఆ బియ్యం పుట్టింట్లో వండుకుని తింటారు. మళ్ళీ జ్యేష్ఠంలో, తొలకరికి ముందే, అందరూ కలిసి దుంగలు లాగి గట్టు మీద పెట్టేస్తారు. తీయకపోతే వరద తీసుకుపోతుంది. కార్తీకంలో వేసి జ్యేష్ఠంలో తీసేదాన్ని మేము ఏనాడూ వంతెన అనలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ బుట్ట ఎత్తుకునేది మా చెల్లెలే.

ఆ కార్తీకంలో గుంజలు పాతవలసిన చోటనే స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఉన్న స్తంభాన్ని వదిలి దాని పక్కన గుంజ పాతే తెలివితక్కువవాళ్ళు మా రెండు ఊళ్ళలో ఎవరూ లేరు. దుంగల కొసలను స్తంభాల మీదికి ఎక్కించారు. చువ్వలకు తీగతో కట్టారు. మునుపెన్నడూ అంత గట్టిగా కుదరలేదని అందరూ సంతోషపడ్డారు.

ఆ సమయానికి ఠేకేదారు లెక్కలు చూసే మున్షీ వచ్చాడు. మిగిలిన ఇనుము చూసుకోవడానికి వచ్చానన్నాడు. మావాళ్ళు కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మా చెల్లెలు బుట్ట నెత్తిన పెట్టుకుని దుంగల మీదికి రాగానే లేచి వెళ్ళి ఫోన్ తీశాడు. కొంచెం ఆగమని, ఇటు చూడమని, హిందీలో బతిమాలాడు.

"తీస్తే తియ్యి గాని, నా ముక్కు సక్కగ రావాలె," అన్నది మా చెల్లెలు. "ఒక కాపీ నాకియ్యాలె. ఇయ్యకుంటే వచ్చే ఏడు దుంగ మీదనే నిలబెడుత నిన్ను."

ఇస్తానన్నాడు. ఆ తరువాత బజారులో కనబడిన ప్రతిసారీ ఆమె ఆ ఫోటో అడిగేది. అతడు నవ్వి తప్పించుకునేవాడు.

ఠేకేదారుకూ దఫ్తర్‌కూ తగాదా మధ్యవర్తి దగ్గరికి వెళ్ళిందని ఆ చలికాలంలో తెలిసింది. పంచాయతీ తరఫున కాగితాలు పట్టుకుని జగ్దల్‌పుర్ వెళ్ళాను. నిర్మాణపు తగాదాలు చూసే వకీలు ఒకాయన ఉన్నాడని కొండ మీద పాత పరిచయస్థులు చెప్పారు. శ్రీకాకుళం వైపు నుంచి, ఖనిజం మోసే కిరండూల్ రైలు లైను పనికి వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. గోడకు సిలువ, బల్ల నిండా ఠేకేదారుల ఫైళ్ళు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరూ ఏదో ఒక కట్టడం తాలూకు మనుషులే. నా దస్త్రం మొదటి కాగితం నుంచి చివరిదాకా ఓపికగా చదివిన అధికారి గాని, వకీలు గాని ఈ మూడేళ్ళలో ఆయన ఒక్కడే.

"బాబాయ్ గారూ, మీరు రాసిందాంట్లో తప్పు పట్టడానికేం లేదండి," అన్నాడు. "కానీ మధ్యవర్తి దగ్గర దాఖలైన ఒప్పందం చూశానండి, సంతకాలు రెండే ఉన్నాయి. ఆ ఇద్దరికీ తప్ప మధ్యవర్తి ముందు ఇంకెవరికీ నోరుండదండి."

ఒప్పందంలో మా ఊరి పేరు ఉంటుంది కదా అన్నాను.

"ఉందండి. పని జరిగే స్థలం అన్న చోట ఉంది."

అయినా అర్జీ వేస్తానన్నాడు. మాట వినమని, కనీసం ఊరివాళ్ళను సాక్షులుగానైనా పిలవమని కోరుతూ ఒక కాగితం తయారుచేశాడు. దానికి ఎదురుగా ఠేకేదారు దాఖలు చేసిన జవాబు ఫాల్గుణంలో వచ్చింది. వకీలు నన్ను పిలిపించాడు. కాగితాలు తిప్పి ఒక పుట దగ్గర ఆపి, నా వైపు జరిపాడు.

మా చెల్లెలు. నెత్తిన బుట్ట, ఒక చెయ్యి బొంగు మీద, ముఖం నిండా నవ్వు. ఫోటో కింద హిందీలో టైపు చేసి ఉంది: లబ్ధిదారులు వంతెనను వాడుకుంటున్న దృశ్యం.

ఆమెకు ఇస్తానన్న కాపీ నాకు అక్కడ దొరికింది.

ఏ కట్టడాన్నైనా యజమాని వాడకంలోకి తీసుకుంటే, దాన్ని పూర్తయినదిగా స్వీకరించినట్టే అనే షరతు ఇలాంటి ఒప్పందాల్లో ఉంటుంది. ఆ షరతు నాకు కొత్త కాదు. కొండ మీద అసంపూర్తి గోదాములో ఒక్క సంచీ కూడా పెట్టనిచ్చేవారు కాదు, దాని మూలంగానే. కానీ అది యజమాని వాడకం గురించి రాసిన షరతు. నకలు అడిగితే మీకెందుకన్నప్పుడు మేము యజమానులం కాము. మాట వినమంటే కక్షిదారులం కాము. దుంగ మీద కాలు పెట్టినప్పుడు మాత్రం యజమాని తరఫున కట్టడాన్ని స్వీకరించినవాళ్ళమయ్యాము. ఇది ఎలా కుదురుతుందని వకీలును అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. కుదరకూడదండి అన్నాడు.

మా అర్జీ తిరస్కరించారు. అయితే స్థలం చూస్తామన్నారు. వైశాఖంలో జీపుల్లో వచ్చారు. మధ్యవర్తి పదవీ విరమణ చేసిన ఇంజినీరు, పెద్దమనిషి, మర్యాదస్థుడు. నాకు నమస్కారం పెట్టి కుర్చీ ఇప్పించాడు. వాగులో అక్కడక్కడా మడుగులు తప్ప నీళ్ళు లేవు. ఆయన బూట్లతో దుంగల మీద నడిచి, మధ్యలో ఆగి, కాలితో ఒకసారి తొక్కి చూసి, గట్టిగానే ఉందన్నాడు. అది ఠేకేదారు కట్టినది కాదనీ, మేము వేసినదనీ, వచ్చే నెలలో తీసేస్తామనీ హిందీలో వివరంగా చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. పక్కనున్న గుమస్తా ఏమీ రాసుకోవడం లేదని గమనించి, శ్రావణంలో ఒకసారి రండి, వాగు నిండినప్పుడు చూస్తే తేడా మీకే తెలుస్తుందని వేడుకున్నాను.

"బారిష్ మే ఉస్ పార్ కైసే జాయేంగే?" అన్నాడు ఆయన. వానల్లో అవతలి గట్టుకు ఎలా వెళతాం అని. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. పరిశీలన అంటే రెండు గట్లూ చూడాలి కదా అని వివరించాడు కూడా. ఆయన పక్కన నిలబడ్డ ఇంజినీరు సాబ్ గాని, ఠేకేదారు గాని నవ్వలేదు. ఆయన అడిగిన ప్రశ్నలోనే మా దావా మొత్తం ఉన్నదని ఆ గుంపులో ఒక్కరికీ తోచలేదు. ఆ వాక్యాన్ని ఆయన నోటి నుంచి వచ్చిన మాటల్లోనే నా దస్త్రంలో రాసుకున్నాను.

ఫోటో సంగతి మా చెల్లెలికి చెప్పాను. ఆమె చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది.

"నా ముక్కుపుడక కనబడుతుందా అండ్ల?" అని అడిగింది.

కనబడుతుందన్నాను. ఆ ఫోటో వల్ల వచ్చిన నష్టమేమిటో మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. గింజలు తీయడం ఆపి విన్నది.

"గట్లయితే వంతెన నేనే కట్టిచ్చినట్టున్న గద," అన్నది. మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి, "దుంగ ఏందో వంతెన ఏందో తెల్వని మనుషులకు అంత పెద్ద కుర్చీలు ఎవలిచ్చిన్రు అన్నా?" అని అడిగింది.

రెండో కార్తీకంలో ఆమెకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. ఈసారి స్తంభాలను తాకవద్దని, పక్కన విడిగా గుంజలు పాతి దుంగలు వేసుకోమని వకీలు సలహా పంపాడు. అలా చేస్తే స్తంభాలు ఒంటరిగా, పనికిమాలినవిగా నిలబడి కనబడతాయి. మన మాటకు బలం వస్తుంది. ఊరి పెద్దలను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. గుంజలకు కొత్త చెట్లు కొట్టాలి, అడవి గార్డు ఊరుకోడు అన్నారు. ఒక్క ఏడు దుంగలే మానుకుందామన్నాను.

అవతలి ఊరి తరఫున మాట్లాడింది మా చెల్లెలే. "నువ్వు రోడ్డు దిక్కున్నవు గనుక గట్ల మాట్లాడుతున్నవు. మాకు బియ్యం ఇటుకెల్లే రావాలె, మందు ఇటుకెల్లే రావాలె. నువ్వు కాగితం మీద నడువు అన్నా. మేము దుంగ మీద నడుస్తం."

దుంగలు స్తంభాల మీదే వేశారు. ఆమె ఎప్పటిలాగే ముందు నడిచింది. బియ్యం బుట్ట మా గడపలో దింపి, తినకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. వారం తిరగకుండానే ఎండు చేపలు పట్టుకుని వచ్చి, ఏమీ జరగనట్టు పొయ్యి దగ్గర కూర్చుంది. ఇద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె అన్నది అబద్ధం కాదు. వకీలు చెప్పినదీ అబద్ధం కాదు. రెండు నిజాల మధ్య మమ్మల్ని నిలబెట్టినవాళ్ళు మాత్రం ఆ సమయంలో జగ్దల్‌పుర్‌లో రాజీ మాటల్లో ఉన్నారు.

మాఘంలో రాజీ కుదిరింది. ఠేకేదారు అదనపు పని దావా వదులుకున్నాడు. దఫ్తర్ ఆలస్యానికి వేసిన జరిమానా వదులుకుంది. ఇద్దరికీ కుదరాలంటే పని పూర్తయినట్టు ఉండాలి. అందుకని పనినే తగ్గించారు. బండ్లు దాటే వంతెన అని ఉన్నచోట కాలినడక వంతెన అని మార్చారు. మరి స్తంభాల మీద కాంక్రీటు పలక ఏది అనే ప్రశ్నకు, స్థానిక సామగ్రితో పైభాగం అమర్చబడినది అని రాశారు. స్థానిక సామగ్రి అంటే మా తాటి దుంగలు. సాక్ష్యంగా మా చెల్లెలి ఫోటో జతపరిచారు. మధ్యవర్తి దాన్ని తీర్పుగా ధ్రువపరిచాడు. రెండేళ్ళు ఒకరి మీద ఒకరు పుటల కొద్దీ ఆరోపణలు చేసుకున్న ఇద్దరు, ఒక్క విషయంలో ఏకమయ్యారు. ఆ ఒక్క విషయం అబద్ధం.

వకీలు ఆ కాగితం నాకు చదివి వినిపించి, దీన్ని కొట్టేయమని కోరే హక్కు కూడా సంతకం చేసినవాళ్ళకే ఉంటుందన్నాడు. వాళ్ళిద్దరూ కోరరు. పెద్ద కోర్టులో విడిగా వేసి చూద్దామండి, కానీ వానలలోపు తేలదు అని మొహమాటం లేకుండా చెప్పాడు. వేయమన్నాను. అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కొత్త వంతెన కోసం దఫ్తర్‌కు పెట్టిన అర్జీ మాత్రం వెంటనే వెనక్కి వచ్చింది: అదే స్థలంలో వంతెన ఉన్నందున మరొకటి మంజూరు చేయడానికి వీలులేదు. ఈ మూడేళ్ళలో దఫ్తర్ నుంచి నాకు అందిన ఒకే ఒక్క రాతపూర్వక జవాబు ఇది.

జ్యేష్ఠంలో మేము దుంగలు లాగి గట్టున పెట్టిన వారమే, కూలీలు వచ్చి మా గట్టు మీద శిలాఫలకం నాటారు. పుల్, అంటే వంతెన, పని పూర్తి అని హిందీలో దాని మీద చెక్కి ఉంది. దాని వెనక ఉట్టి స్తంభాలు.

భాద్రపదంలో వరసగా రెండు పొద్దులు ఆమె ఇంటి మీద పొగ లేవలేదు. మూడో పొద్దున వాన కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు నా మేనల్లుడు, ఆమె కొడుకు, అవతలి గట్టుకు వచ్చి ఎర్ర తువ్వాలు ఊపాడు. వాగు హోరులో మాట వినబడలేదు. చేతిని నుదుటికి ఆనించి, తరువాత నేల మీద పడుకున్నట్టు చూపించాడు. జ్వరం, తెలివి లేదు అని అర్థమైంది. మా ఊరి దిబ్బ ఎక్కితే ఫోను అందుతుంది. కబురు పెట్టాను. ఆస్పత్రి బండి బురదలో పడుతూ లేస్తూ మా గట్టు దాకా వచ్చి నిలబడింది. ఆ బండి రావడంలో ఆలస్యం లేదు. ఆ మాట న్యాయంగా రాయాలి.

డ్రైవరు దిగి, శిలాఫలకం చదివి, వాగు వైపు చూశాడు.

"పుల్ ఉన్నదని రాసిన్రు గద పెద్దాయనా," అన్నాడు. "ఏది?"

అవతల నలుగురు మంచం మోసుకొచ్చి గట్టున దించారు. మేనల్లుడు ఆమె ముఖం మీద గొడుగు పట్టాడు. మునుపు, ఈ స్తంభాలు లేనప్పుడు, వాగు ఎంత నిండినా ఆ మలుపులో నీళ్ళు కొంత నెమ్మదించేవి. ప్రాణం మీదికి వస్తే దోనె వేసి దాటించేవాళ్ళు. నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు నీళ్ళు స్తంభాలకు కొట్టుకుని సుడులు తిరుగుతున్నాయి. నీటి కింద చువ్వలు ఎక్కడున్నాయో కనబడవు. ఇద్దరు దోనె దింపారు. మొదటి స్తంభం దగ్గరే అది అడ్డం తిరిగింది. తాడుతో వెనక్కి లాగవలసి వచ్చింది. రెండోసారి దింపబోతే నేనే వద్దన్నాను. ఇంకో ఇద్దరిని నీటికి ఇచ్చే హక్కు నాకు లేదు.

పొద్దు వాలేదాకా అలా నిలబడ్డాము. ఒకసారి ఆమె చెయ్యి మంచం మీంచి లేచినట్టు కనిపించింది. ఆమే ఎత్తిందో, కొడుకు పట్టుకుని ఎత్తాడో తెలియదు. నేను కూడా చెయ్యి ఎత్తాను. ఆ దూరంలో ఆమెకు కనబడి ఉండదు.

తరువాత వాళ్ళు గొడుగు తీసేశారు. వాన నేరుగా ఆమె ముఖం మీద పడుతున్నది. ఎవరూ మళ్ళీ గొడుగు పట్టలేదు. అలా నాకు తెలిసింది.

ఆమెను అవతలి గట్టునే మట్టి చేశారు. నేను వెళ్ళలేకపోయాను. వాగు దిగాక, నీళ్ళలో నడిచి దాటి వెళ్ళేసరికి ఆ మట్టి మీద గడ్డి మొలిచింది.

ఈ కార్తీకంలో కూడా దుంగలు వేశారు. వేయక తప్పదు, ఆమె చెప్పినదే నిజం. బుట్ట ఎత్తుకోవడానికి రెండు గట్ల మీదా ఎవరూ లేరు. ఇవతల పుట్టి అవతల కోడలైన ఆడబిడ్డ ఇప్పుడు లేదు. ఆ ఊరికి పిల్లనివ్వడానికి మావాళ్ళు కొన్నేళ్ళుగా వెనకాడుతున్నారు. కారణం ఈ వాగే. చివరికి బుట్ట లేకుండానే నడిచారు.

వకీలు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆయన ఫైలు తెరిచి ఆ ఫోటో ఉన్న పుట వరకూ వచ్చి, తిప్పలేక ఆగిపోయాడు. చట్టం ప్రకారం వాళ్ళు మీకు జవాబివ్వనక్కరలేదండి బాబాయ్ గారూ, కానీ అడగకూడదని ఎక్కడా లేదు అన్నాడు. అందువల్ల అడుగుతున్నాను.

రాజీ కాగితం మీద సంతకం చేసిన దఫ్తర్ అధికారికీ, ఠేకేదారుకూ, దాన్ని తీర్పుగా ధ్రువపరిచిన మధ్యవర్తికీ:

మీ ముగ్గురి దస్త్రాల్లోనూ ఒకే ఫోటో ఉంది. అందులో బుట్ట ఎత్తుకున్న మనిషిని లబ్ధిదారు అని రాశారు. ఆమె నడుస్తున్నదాన్ని వంతెన అని రాశారు. దాన్ని ఎవరు వేశారో, ఏ నెలలో వేసి ఏ నెలలో తీస్తారో సంతకానికి ముందే మీకు తెలియజేశాను; అందిన రసీదులు నా దగ్గర ఉన్నాయి. తెలిసి కూడా ఏ ఆధారంతో అది పూర్తయిన కట్టడమని నిర్ణయించారో మీరు చెప్పాలి. పూర్తయిన వంతెన భాద్రపదంలో ఎక్కడ ఉన్నదో చెప్పాలి. ఆ లబ్ధిదారు తన చివరి రోజున దాని మీదుగా ఎందుకు దాటలేకపోయిందో చెప్పాలి.

విచారణలో ఉన్నదనే మాట జవాబు కాదు. మీరు కక్షిదారులు కారు అనేది కూడా జవాబు కాదు. ఆ ఫోటో జతపరిచిన రోజే మీరు మమ్మల్ని కక్షిదారులను చేసుకున్నారు. ముగ్గురూ విడివిడిగా, సంతకంతో, ముద్రతో, రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను. గడువు జ్యేష్ఠం. ఆ నెలలో మేము దుంగలు తీస్తాము. ఆ తరువాత మీరు వంతెన అని రాసినది వాగు మీద ఉండదు.